మైనం కరిగిన చోట లోహం: పోతపని చరిత్రలో స్లర్రీ కలిపేవాని స్థానం

పోతపని అనగానే మనకు ఇసుకలో అచ్చు వేసి కరిగిన ఇనుము పోయటమే గుర్తుకు వస్తుంది. అయితే ఇంకొక రకం ఫౌండ్రీలు కూడా గలవు. అక్కడ మైనపు బొమ్మకు పింగాణీ జావ పూసి, ఆరబెట్టి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆ జావ పేరే స్లర్రీ. దానిని కలిపి, రాత్రింబగళ్లు కాపాడే మనిషిని స్లర్రీ టెక్నీషియన్ అంటారు. “ఇంత చదివించి పిండి కలిపే పనికా పంపేది?” అని మనలో కొందరు తల్లిదండ్రులు అంటూ ఉంటారు. ఆ పని వెనుక ఎంత చరిత్ర ఉన్నదో సభ్యుల ముందు పెట్టుటయే మా ఉద్దేశము.

ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. 1926లో మొహెంజొదారో తవ్వకాలలో దొరికిన నర్తకి కంచుబొమ్మ సుమారు పదిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నాలుగున్నర వేల ఏండ్ల నాటి ఆ బొమ్మ మైనపు పద్ధతిలో పోసినదే. సంస్కృతంలో దీనిని మధూచ్ఛిష్ట విధానం అన్నారు. తమిళనాడులో స్వామిమలై స్థపతులు నేటికీ మైనపు విగ్రహం మీద మొదట కావేరి ఒండ్రుమట్టిని పల్చగా పూస్తారు. మెత్తని మట్టి ముందు, ముతక మట్టి తరువాత. మన ఆదిలాబాదు జిల్లా ఓజాల డోక్రా పని కూడా ఈ కుటుంబంలోనిదే. మైనానికి తగిలే మొదటి పూత ఎంత నున్నగా ఉంటే లోహం అంత నున్నగా వస్తుందనే సూత్రం ఆనాటి నుండి నేటి వరకు మారలేదు.

మొగలుల కాలంలో ఈ విద్య ఇంకొక మెట్టు ఎక్కినది. ఉర్దూలో మనం సాంచా అనేదే తెలుగులో అచ్చు. ఆ సాంచా ఎంత గొప్పదో ఖగోళ గోళాలను చూస్తే తెలుస్తుంది. రెండు అర్ధగోళాలను అతకకుండా, లోపల బోలుగా ఉండే లోహపు గోళాన్ని ఒక్క పోతలోనే తీశారు. తెలిసినంతలో వాటిలో మొదటిది అక్బరు కాలంలో, హిజ్రీ 998లో, అంటే 1589-90లో, అలీ కశ్మీరీ ఇబ్న్ లుఖ్మాన్ చేసినది. లాహోరులో ఉస్తాద్ అల్లాహ్‌దాద్ ఇంట నాలుగు తరాలవారు ఆస్ట్రోలేబులు, గోళాలు చేశారు. 19వ శతాబ్దంలో అదే నగరంలో బల్హూమల్ లాహోరీ అనే హిందూ కారీగరు ఆ పనిని కొనసాగించాడు. విద్యకు మతం అడ్డు రాలేదని దీనివల్ల మనకు తెలుస్తున్నది. 1985లో ఎమిలీ శావేజ్-స్మిత్ అనే విదుషీమణి ఈ గోళాలపై పెద్ద గ్రంథమే ప్రచురించారు.

ఆధునిక కాలంలో ఈ పద్ధతిని ముందు పట్టుకున్నవారు పండ్ల డాక్టర్లు. 1907లో అమెరికాలో విలియం టాగర్ట్ బంగారు పంటి పూరకాలను మైనపు పద్ధతిలో పోసి చూపాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన ఇంజన్ల టర్బో సూపర్‌చార్జర్ రెక్కలు కావలసి వచ్చినవి. వాటి లోహం అతి గట్టిది, కోతకు లొంగదు. కనుక పంటి వైద్యుల పద్ధతే ఫౌండ్రీకి వచ్చింది. మొదట మైనం చుట్టూ దిమ్మలాగా అచ్చు పోసేవారు. 1950ల నుండి పూత మీద పూత వేసి పలుచని పెంకు చేసే పద్ధతి వ్యాపించింది. స్లర్రీ కలిపేవాని పని అప్పటినుండి ప్రత్యేకమైన పని అయినది.

ఇక ఆ పని ఏమిటో చూద్దాం. జిర్కాన్ పిండి, లేదా కరిగించి చల్లార్చిన సిలికా పిండి తీసుకుంటారు. దానిని కొల్లాయిడల్ సిలికా అనే ద్రవంలో కలుపుతారు. ఆ ద్రవంలోని రేణువు మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు ఉంటుంది. తొట్టి ఆగకుండా తిరుగుతూ ఉండాలి, ఆగితే పిండి అడుగున పేరుకుంటుంది. టెక్నీషియన్ అడుగున చిల్లి ఉన్న జాన్ కప్పును ముంచి తీసి, ధార తెగేదాకా స్టాప్‌వాచ్‌తో సెకన్లు లెక్కపెడతాడు. మన ఇంట్లో దోసెపిండి గరిటెతో చూసుకున్నట్టే, కాకపోతే ఇక్కడ అంకె రాసి పెట్టాలి. జావ పల్చనైతే పూత నిలవదు. చిక్కనైతే గాలిబుడగలు నిలిచిపోతాయి. పి.హెచ్. 9కి పైగా ఉండాలి. అది బాగా పడిపోతే జావ గడ్డకట్టి తొట్టి మొత్తం పారబోయవలసిందే. ఆవిరైపోయిన నీటికి బదులు శుద్ధిచేసిన నీరే పోయాలి, కుళాయి నీరు పనికిరాదు.

ముంచటం, ఇసుక చల్లటం, ఆరబెట్టటం, ఇట్లా ఆరేడు పూతలు. తరువాత మైనం తీయాలి. మైనం కరిగే ముందు పెంకు కన్న ఎక్కువగా ఉబ్బుతుంది. నెమ్మదిగా వేడి చేస్తే పెంకు పగులుతుంది. అందుకే ఆటోక్లేవ్‌లో ఆవిరిని ఒక్కసారిగా వదిలి పైపొరను ముందు కరిగిస్తారు. తరువాత పెంకును సుమారు 1000 డిగ్రీల వద్ద కాలుస్తారు. పెంకు బలహీనమైతే కరిగిన లోహం బయటకు పొర్లి మనుషుల మీద పడే ప్రమాదం ఉంది. స్లర్రీ పుస్తకంలో తప్పు అంకె రాస్తే దాని ఫలితం అంతదూరం పోతుంది!

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా పాలు గలదు. ఇక్కడి రక్షణ లోహ పరిశోధనశాల, డి.ఎం.ఆర్.ఎల్., ఒకే స్ఫటికంగా పోసిన టర్బైన్ రెక్కలను తయారుచేసింది. హెలికాప్టర్ ఇంజను కోసం అటువంటివి 60 రెక్కలు హెచ్.ఎ.ఎల్.కు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటించబడినది. ప్రపంచంలో కొద్ది దేశాలకు మాత్రమే చేతనైన పని ఇది.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. తడి జావలో దుమ్ము లేదు. పొడి పిండిని తొట్టిలో పోసేటప్పుడు, పెంకు పగలగొట్టేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం దీనిని ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చింది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు, దుమ్ము లాగే యంత్రం ఉండాలి.

కాబట్టి మన పిల్లవాడికి ఇటువంటి పని దొరికితే చిన్నచూపు చూడవద్దని పెద్దలకు మా మనవి. రెండు ప్రశ్నలు మాత్రం తప్పక అడగండి. కొలతలు నేర్పే ఉస్తాదు ఉన్నాడా? దుమ్ము నుండి రక్షణ ఉన్నదా? ఈ రెండూ ఉన్నచోట ధైర్యంగా పంపండి. నాటి కారీగరులు గోళం మీద తమ పేరు చెక్కుకున్నారు. నేటి టెక్నీషియన్ పేరు రెక్క మీద కనబడదు, లాగ్‌బుక్కులో సంతకంగా మాత్రమే ఉంటుంది. అయినా విమానం ఎగిరేటప్పుడు ఆ సంతకం కూడా దానితో ఎగురుతుంది.