తట్టు తగ్గాక కళ్లు చూశారా?

తట్టు పోసిన బిడ్డను మన ఇళ్లలో ఎలా చూసుకునేవారో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. బిడ్డను ఓ మూల గదిలో వేపాకుల మీద పడుకోబెట్టేవారు. ‘అమ్మవారు పోసింది’ అని మెల్లగా చెప్పుకునేవారు, పరాయివాళ్లను గడప తొక్కనిచ్చేవారు కాదు. వంటింట్లో తాళింపు చిటపట వినిపించకూడదు. గుడ్డు, మాంసం, నూనె బంద్.

ఇందులో సగం మంచి పద్ధతే. తట్టు అంత వేగంగా పాకే జబ్బులు చాలా అరుదు. టీకా పడని పిల్లలు పదిమంది రోగి దగ్గర మసిలితే తొమ్మిది మందికి అంటుకోవచ్చు. దద్దు తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచి, తేలాక నాలుగు రోజుల దాకా అంటుతుంది. గుమ్మాన వేపమండ చూసి వెనుదిరిగిన పక్కింటి తల్లి తన బిడ్డను కాపాడుకున్నట్టే. చేటు చేసింది మిగతా సగం, ఆ పథ్యం.

తట్టుకూ, తిండికీ, చూపుకూ మధ్య ఉన్న ఈ చిక్కుముడి విప్పినవాళ్లలో మన హైదరాబాద్ తార్నాక వాళ్లున్నారు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద చిన్న పరిశోధన విభాగం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్ పక్కనే స్థిరపడింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జనం నోట ఎన్‌ఐఎన్.

వాళ్లు కళ్ల మీద దృష్టి పెట్టడానికి కారణం ఉంది. తట్టు వస్తే ఒంట్లో విటమిన్ ఎ గబగబా ఖర్చయిపోతుంది. అసలే అరకొర తిండి తినే బిడ్డకు నిల్వ ఎక్కడుంటుంది? ముందు రేచీకటి. సందెవేళ కంచంలో ముద్ద కనబడక చేత్తో తడుముకుంటాడు. తెల్లగుడ్డు మీద సబ్బునురగ లాంటి మచ్చ తేలుతుంది. తర్వాత నల్లగుడ్డు ఎండి, మెత్తబడి, పుండు పడుతుంది. తట్టులో ఈ మెట్లన్నీ వరుసగా రానక్కర్లేదు, కొద్ది రోజుల్లోనే పుండు దాకా పోవచ్చు. పుండు మానినా తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. ‘తట్టు పోసి కంట్లో పువ్వేసింది’ అనేవారు. పువ్వు అన్న ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

దీని జాడ లండన్‌లో 1932లోనే దొరికింది. ఎలిసన్ అనే డాక్టరు తట్టు వచ్చిన 600 మంది చిన్నపిల్లల్లో సగం మందికి విటమిన్ ఎ ఇచ్చి చూశాడు. ఇచ్చినవారిలో 11 మంది, ఇవ్వనివారిలో 26 మంది చనిపోయారు. ఆ లెక్కను లోకం యాభై ఏళ్లకు పైగా పక్కన పడేసింది.

తార్నాకలో మాత్రం సంస్థ డైరెక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో పిల్లల చూపు మీద పట్టుదలగా పని సాగింది. 1960లలో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పసివాళ్లకు ఏడాదికొక్కసారి పెద్ద మోతాదు విటమిన్ ఎ తాగించి చూశారు. ఫలితం బాగుండటంతో 1970లో దేశమంతా కార్యక్రమం మొదలైంది. తర్వాత అదే సంస్థకు చెందిన వినోదిని రెడ్డి, భాస్కరం తదితరులు తట్టుకూ, తిండి లేమికీ, అంధత్వానికీ ఉన్న ముడిని పిల్లల వెంట ఉండి పరిశీలించి 1986లో ప్రచురించారు. ఆ మరుసటి ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి, ఈ లోపం ఉన్న చోట్ల తట్టు వచ్చిన పిల్లలకు విటమిన్ ఎ ఇవ్వమన్నాయి.

తాళింపు సంగతి ఇప్పుడు చూడండి. మునగాకు, తోటకూర, గుమ్మడిపండులో ఉండి, ఒంట్లో విటమిన్ ఎగా మారే పసుపు పదార్థం ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి. అమ్మవారికి కోపం వస్తుందని మనం ఆపింది సరిగ్గా ఆ చెంచా నూనెనే. గుడ్డూ అంతే. కాబట్టి తట్టు వస్తే బిడ్డను విడిగా ఉంచండి, వేపమండ కట్టుకోండి, తిండి మాత్రం ఆపొద్దు. డాక్టరుకు చూపించండి. వరుసగా రెండు రోజులు, వయసును బట్టి, విటమిన్ ఎ ఇస్తారు. ఎక్కువైతే చేటు కాబట్టి సొంతంగా తాగించకూడదు.

ఇప్పుడు తొమ్మిది నెలలు నిండిన బిడ్డను టీకాకు తీసుకెళ్తే తట్టు సూది వేసి, అదే రోజు ఒక మిల్లీలీటరు పసుపుపచ్చని విటమిన్ ఎ మందు నోట్లో పోస్తారు. రెండో సూదితో రెండు మిల్లీలీటర్లు. ఆపైన ఆరు నెలలకోసారి, అయిదేళ్లు నిండేదాకా. మొత్తం తొమ్మిదిసార్లు.