వసూలుకు ముడిపడ్డ జీతం

సర్కారు ఉద్యోగి జీతాన్ని సాధించిన లక్ష్యాలకు ముడిపెట్టాలన్న మాట కొత్త సంస్కరణలా వినిపిస్తోంది. లక్సెట్టిపేట తాలూకా పల్లెలకు అది పాత అనుభవమే. ఈ తాలూకా 1905లో ఆదిలాబాదు జిల్లాలో చేరింది, అంతకుముందు ఎలగందుల జిల్లాలో ఉండేది. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాను అయ్యేనాటికి ఈ తాలూకా ఉన్న నిజాం రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. గుత్తేదారు ఖర్చుల కింద రూపాయికి రెండణాలు ఉంచుకొని తక్కింది ఖజానాకు కట్టేవాడు. ఎంత వసూలైతే అంత ఆదాయం. పంట పండిందా, రైతు వలసపోయాడా అన్నది ఆ లెక్కలోకి వచ్చేదే కాదు. సాలార్‌జంగ్ ఈ పద్ధతిని ఎత్తేసి, 1865 నాటి జిలాబందీతో, అంటే జిల్లాల ఏర్పాటుతో, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను, తహసీల్దార్లను పెట్టాడు. జీతం స్థిరమైతే బద్ధకం పెరగదా అంటారు. ఆయన జీతంతోనే సరిపెట్టలేదు కదా! పైన తనిఖీ పెట్టాడు, భూముల సర్వేకు పూనుకున్నాడు.

అయితే ఆ సంస్కరణ తహసీలు కచేరీ గడప దాటి ఊళ్లోకి రాలేదు. ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీపటేలు, లెక్కలు రాసే పట్వారీల ప్రతిఫలం శిస్తు మీద శాతంగానే ఉండిపోయింది. చెరువు ఎండిన ఏడు తరి పొలాన్ని పహాణీలో, అంటే ఊరి సాగు లెక్కల పుస్తకంలో, పడావు అని రాస్తే రైతుకు మాఫీ, సాగు అని రాస్తే శిస్తు. ఆ మాట రాసేది పట్వారీ కలమే, శిస్తు పెరిగితే లాభపడేదీ ఆయనే. అసలు తప్పు ఆ పదవి మీది వంశపారంపర్య హక్కు, అంటే వతనుదే అనేవారున్నారు. వతను వల్ల పట్వారీకి భయం లేకుండా పోయింది, నిజమే. కానీ ఆశ పుట్టించింది శాతం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవులనే రద్దు చేసింది.

మరి పక్కనున్న శ్రీరాంపూర్, మందమర్రి గనుల సంగతేమిటి? సింగరేణి లాభాల్లో కార్మికులకు వాటా ఇస్తోంది. 2023-24కు అది 33 శాతం, 796 కోట్ల రూపాయలు. దీన్ని నేను మనసారా సమర్థిస్తాను, అది వాళ్ల చెమటకు దక్కిన వాటా. కానీ అక్కడ లాభం తేల్చేది ఆడిటర్లు, వాటా పొందేవాడు కాదు. వాటా పెరగాలని కార్మికుడు ఏ రైతు గడపా తొక్కనక్కర్లేదు. రెవెన్యూ కచేరీలోనో ఆసుపత్రిలోనో పని కొలిచే లెక్క ఆ ఉద్యోగి చేతిలోనే పుడుతుంది. ఆ లెక్కను వేరొకరు రాసే ఏర్పాటు ముందు చేయండి, జీతం ముడి సంగతి తర్వాత చూద్దాం.