ఏజెన్సీ ద్వారా ఒప్పంద ఉద్యోగం: రేటు ఒప్పుకునే ముందు తెలుసుకోవలసినవి

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ ప్రాంతంలో, కె రోడ్డులో టాటా వర్కర్స్ యూనియన్ కార్యాలయం ఉంది. 1920 నాటి సమ్మె సమయంలో జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్‌గా ఆవిర్భవించిన ఈ సంఘానికి సుభాష్ చంద్ర బోస్ సైతం అధ్యక్షత వహించారు. ఉక్కు కర్మాగారంలోని శాశ్వత ఉద్యోగుల వేతనాలు యాజమాన్యానికీ సంఘానికీ మధ్య జరిగే చర్చలలో ఖరారవుతాయి. అదే నగరానికి ఏజెన్సీ ద్వారా వచ్చే వెల్డరు గానీ, ఫిట్టరు గానీ, కంప్యూటర్ ఆపరేటరు గానీ తన రేటును ఒంటరిగా, తరచుగా ఫోనులోనే తేల్చుకోవలసి వస్తోంది. ఆ కొద్ది నిమిషాలలో ఏమి అడగాలో తెలియకపోతే నష్టం ఒప్పంద కాలమంతా వెంటాడుతుంది.

రేటు ఒకటి, అంకెలు మూడు

ఏజెన్సీ చెప్పే రేటు వెనుక మూడు వేర్వేరు మొత్తాలు ఉంటాయి. మొదటిది, సంస్థ ఏజెన్సీకి చెల్లించే బిల్లు మొత్తం. రెండవది, ఏజెన్సీ కార్మికుని పేరిట చూపే స్థూల వేతనం. మూడవది, కోతలు పోగా బ్యాంకు ఖాతాలో జమ అయ్యే మొత్తం. తనకు చెప్పినది వీటిలో ఏదో తెలుసుకోవడమే బేరంలో తొలి మెట్టు.

ఒక ఉదాహరణ చూద్దాం. మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలు అనుకుందాం. ఉద్యోగి వాటాగా భవిష్య నిధికి 12 శాతం, అంటే 1,800 రూపాయలు, ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 113 రూపాయలు కోత పడతాయి. చేతికి 13,087 రూపాయలు వస్తాయి. యజమాని స్థానంలో ఉన్న ఏజెన్సీ భవిష్య నిధి వాటా, బీమా, నిర్వహణ రుసుములకు 13 శాతం చొప్పున 1,950 రూపాయలు, ఈఎస్ఐకి 3.25 శాతం చొప్పున 488 రూపాయలు చెల్లించాలి. అప్పటికి ఏజెన్సీకి అయిన ఖర్చు 17,438 రూపాయలు. జీఎస్టీ కాకుండా సంస్థ 19,500 రూపాయలు చెల్లిస్తుంటే, మిగిలిన 2,062 రూపాయలలోనే బోనస్, సెలవులు, గ్రాట్యుటీ వంటి ఖర్చులు, ఏజెన్సీ కమీషన్ ఇమిడి ఉంటాయి. బేరానికి అవకాశం ఉన్నది ప్రధానంగా ఈ చివరి మొత్తంలోనే. సంస్థ బిల్లు మొత్తాన్ని పెంచితే తప్ప అంతకు మించి ఏజెన్సీ ఇవ్వలేదు. బిల్లు మొత్తాన్ని వెల్లడించడానికి ఏజెన్సీ నిరాకరించవచ్చు. వేతన వివరాలను అంశాల వారీగా ఇవ్వమని మాత్రం తప్పక అడగాలి.

యజమాని వాటాను కార్మికుని వేతనం నుంచి కోయడాన్ని చట్టం నిషేధించింది. కొన్ని ఏజెన్సీలు మొత్తం వ్యయాన్నే రేటుగా చెప్పి, తరువాత రెండు వాటాలనూ అందులోనుంచే తీసివేస్తాయి. కనుక “యజమాని వాటా ఈ రేటులో కలిసి ఉందా, విడిగా ఉందా?” అని ముందే అడగాలి.

ఈ నగరంలోనే మొదలైన అంశాలు

వేతన పత్రంలోని అనేక అంశాలు చట్టాల కంటే ముందే జంషెడ్‌పూర్‌లో అమలులోకి వచ్చాయి. టాటా ఉక్కు కర్మాగారం 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1920లో వేతనంతో కూడిన సెలవును, భవిష్య నిధిని, 1934లో లాభాల ఆధారిత బోనస్‌ను ప్రవేశపెట్టింది. దేశవ్యాప్తంగా ఫ్యాక్టరీల చట్టం 1948లో, భవిష్య నిధి చట్టం 1952లో, బోనస్ చట్టం 1965లో వచ్చాయి. వీటిని కోరడం అదనపు సౌకర్యం అడిగినట్లు కాదు.

పనిగంటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కర్మాగారాల మరమ్మతు పనులలో పన్నెండు గంటల షిఫ్టుకు కలిపి ఒకే రోజు కూలి మాట్లాడడం కద్దు. అదనపు గంటలకు రెట్టింపు రేటు చెల్లించాలన్నది చట్టం. ఎనిమిది గంటలకు 600 రూపాయలైతే గంటకు 75, అదనపు గంటకు 150. నాలుగు అదనపు గంటలకు మరో 600. అంటే పన్నెండు గంటల పనికి 1,200 రూపాయలు రావాలి. 900 రూపాయలకు ఒప్పుకున్నవారు ప్రతి షిఫ్టుకూ 300 రూపాయలు కోల్పోతున్నట్లే.

బకాయి పడితే బాధ్యత ఎవరిది?

నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నెల వేతనాన్ని తరువాతి నెల ఏడవ తేదీలోగా చెల్లించాలి. పని మానినా, తొలగించినా రెండు పనిదినాలలో లెక్క తేల్చాలి. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఒప్పంద కార్మిక నిబంధనలు వర్తించే చోట గుత్తేదారు వేతనం చెల్లించకపోతే, చెల్లించవలసిన బాధ్యత పని చేయించుకున్న ప్రధాన యజమానిపై పడుతుంది. బకాయిల కోసం మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకే నియామక పత్రంలో ప్రధాన యజమాని పేరు, పని స్థలం ఉండేలా చూసుకోవాలి. హాజరు వివరాలను సొంతంగా రాసి పెట్టుకోవాలి. భవిష్య నిధి పాస్‌బుక్‌ను ప్రతి నెలా పరిశీలించాలి.

సలహాదారులుగా చేరేవారికి

ఇంజినీర్లను, సాఫ్ట్‌వేర్ నిపుణులను కొన్ని ఏజెన్సీలు ఉద్యోగులుగా కాక సలహాదారులుగా తీసుకుంటాయి. అప్పుడు భవిష్య నిధి, వేతన సెలవులు, గ్రాట్యుటీ ఉండవు. వృత్తిపర రుసుములో సాధారణంగా 10 శాతం ముందస్తు పన్ను కోత ఉంటుంది. వార్షిక ఆదాయం 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతుంది. పని లేని రోజులు, ఆరోగ్య బీమా, బిల్లు చెల్లింపులో జాప్యం లెక్క వేసుకుని, ఉద్యోగి వేతనం కంటే ఎక్కువ రేటు కోరడం సమంజసం.

కలిసి అడిగితే

కేంద్ర కార్మిక మంత్రిగా, అనంతరం రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి, పారిశ్రామిక వివాదాలలో న్యాయస్థానాల తీర్పు కంటే ఉభయ పక్షాల చర్చలే మేలని వాదించారు. ఒప్పంద కార్మికులకు సంఘబలం తక్కువే. అయినా ఒకే ఏజెన్సీ ద్వారా వెళ్తున్న పదిమంది తమకు చెప్పిన రేట్లను పోల్చుకుని, వివరాలను కలిసి అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది. ఆ సమాధానాన్ని కూడా నోటి మాటతో సరిపెట్టుకోక, రైలెక్కే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.