ఆంధ్ర బాలానంద సంఘము

బాలబాలికలు ఒకచోట కూడి కథలు వినుటకును, చెప్పుటకును, ఆటపాటలతో నాటికలాడుటకును న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మదరాసునందు నెలకొల్పిన సంస్థ. మదరాసు రేడియోలో పిల్లల కార్యక్రమమును నిర్వహించుచు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ యను పేర్లతో తెలుగు లోగిళ్లలో బంధువులవలె పరిచితులైన వీరు, కథ యన్నది నీతి గఱపుటకు పెద్దలు చేతబట్టు బెత్తము కాదనియు, శిశువు తనంత తాను విహరింపదగిన యుద్యానమనియు విశ్వసించి, శ్రోతలైన పిల్లలనే వక్తలుగను, నటులుగను దీర్చిరి.

సంఘమునకు వన్నె దెచ్చినది 1945లో ఈ దంపతులే వెలువరించిన ‘బాల’ మాసపత్రిక. పెద్దల రచనల సరసనే పిల్లల రచనలకును చోటిచ్చుట దాని విశిష్టత. ఈ యొక్క గుణమే, మా యభిప్రాయమున, దానిని తక్కిన పిల్లల పత్రికలనుండి వేఱుచేసినది. ముళ్ళపూడి వెంకటరమణ బాల్యమున వ్రాసిన తొలి కథ అచ్చయినది ఇందే. బాపు చిన్ననాటి బొమ్మలకును ఇదియే తొలి వేదిక. అట్టి పత్రిక చిరకాలము నిలువకపోవుట శోచనీయము. ఆంధ్రప్రదేశావతరణానంతరము రాఘవరావు దంపతులు హైదరాబాదునకు తరలి, అచటను సంఘమును నడపిరి.