పెట్టె ఉంది సరే, ఆటలేవీ?

కన్సోల్ కొనిపెట్టమని మా వాడు రెండు నెలలుగా నా వెంట పడుతున్నాడు. మా ఆడపడుచు కొడుకేమో, "దాంట్లో ఎక్స్‌క్లూజివ్ గేమ్స్ ఎన్నున్నాయిరా, కొని ఏం చేస్తావ్?" అని వాడిని ఏడిపిస్తున్నాడు. ఫ్రిజ్ కొనేంత డబ్బు పెట్టాలి కాబట్టి, ఆ మాటేమిటో నేనే తెలుసుకుందామని కూర్చున్నాను.

ఎక్స్‌క్లూజివ్ అంటే ఆ ఒక్క పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడలేని గేమ్. మనకిష్టమైన సీరియల్ ఒక్క ఛానల్‌లోనే వస్తే, దానికోసమే ఆ ఛానల్ పెట్టించుకుంటాం కదా, అలాగన్నమాట. ఆ గేమ్స్ సరిపడా రాకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి దొరికింది. జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన 'వీ యూ' కథ.

దానికి ముందు 2006లో వచ్చిన 'వీ' పదికోట్లకు పైగా అమ్ముడైంది. చేతిలో రిమోట్ ఊపుతూ తాతలు, మనవలు కలిసి ఆడిన పెట్టె అది. ఆ ధీమాతోనే 2012 నవంబరులో అమెరికాలో, డిసెంబరులో జపాన్‌లో వీ యూని విడుదల చేశారు. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌కే టచ్ స్క్రీన్ ఉండటం దీని ప్రత్యేకత. కానీ పేరు విని, ఇది పాత వీకి తగిలించుకునే వస్తువేమో అనుకున్నవాళ్లే ఎక్కువమంది.

అసలు ఇబ్బంది కొత్త సంవత్సరంలో మొదలైంది. 2013 జనవరి, ఫిబ్రవరిలలో నింటెండో సొంత గేమ్ ఒక్కటీ రాలేదు. అందుకు కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాటా స్వయంగా విచారం తెలిపారు. అదే ఫిబ్రవరిలో 'రేమన్ లెజెండ్స్' ఈ పెట్టెకు మాత్రమే రావాల్సి ఉంది. కొన్నవాళ్లు దానికోసం ఎదురుచూస్తున్నారు. తీరా రోజులు దగ్గరపడ్డాక, దాన్ని తయారుచేసిన యూబీసాఫ్ట్ వేరే కన్సోళ్లలో కూడా ఒకేసారి అమ్ముదామని ఆరు నెలలు వాయిదా వేసింది. రాత్రింబవళ్లు పనిచేసిన తయారీ బృందమే దీనికి నిరసన తెలిపింది. ఆ ఏడాదే ఈఏ అనే పెద్ద కంపెనీ, వీ యూ కోసం తాము ఏ గేమూ తయారుచెయ్యడం లేదని చెప్పేసింది.

వాళ్ల లెక్క వాళ్లది. కొన్నవాళ్లు తక్కువైతే గేమ్ చేసినా ఖర్చు తిరిగిరాదు. గేమ్స్ రాకపోతే కొత్తగా కొనేవాళ్లుండరు. ఈ రెండింటి మధ్యా పెట్టె నలిగిపోయింది. 2014 మార్చికి ముగిసే ఏడాదిలో 90 లక్షలు అమ్ముతామన్న నింటెండో, జనవరిలో ఆ అంచనాను 28 లక్షలకు దించుకుంది. ఇవాటా ఐదు నెలలపాటు తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నారు.

మరి మంచి గేమ్స్ అసలు లేవా అంటే, ఉన్నాయి. 2013లో 'పిక్మిన్ 3', 'సూపర్ మారియో 3డి వరల్డ్', 2014లో 'మారియో కార్ట్ 8', 'బేయొనెటా 2', 2015లో 'స్ప్లటూన్' వచ్చాయి. మారియో కార్ట్ 8 దాదాపు 84 లక్షల కాపీలు అమ్ముడైంది. మొత్తం అమ్ముడైన వీ యూలే కోటీ ముప్ఫయ్యయిదు లక్షలు. అంటే కొన్నవాళ్లు ఆ గేమ్‌ని ఎంత ఇష్టపడ్డారో చూడండి. లోపం రుచిలో లేదు. పెళ్లి వంటంతా ఒక్క మనిషి మీద పడితే ఏమవుతుంది? వంటకం బాగానే ఉంటుంది, కానీ ఒకటి వడ్డించాక రెండోది వచ్చేసరికి జనం విస్తరి ముందు నుంచి లేచిపోతారు.

నా మనసుకు పట్టింది మాత్రం ఆ తర్వాతి సంగతి. వీ యూ కోసమే మొదలుపెట్టిన జెల్డా గేమ్ 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఆలస్యమై ఆలస్యమై 2017 మార్చి 3న వచ్చింది. అదే రోజు కొత్త కన్సోల్ 'స్విచ్' కూడా వచ్చింది, ఆ గేమ్ అందులోనూ ఉంది. అప్పటికే వీ యూ తయారీ ఆపేశారు. మారియో కార్ట్ 8 కూడా ఇంకొన్ని హంగులతో స్విచ్‌కి వెళ్లి ఆరుకోట్లకు పైగా అమ్ముడైంది. స్విచ్ 15 కోట్లు దాటింది. కంపెనీ తన శ్రమను వృథా పోనివ్వలేదు, అది తెలివైన పనే. కానీ వస్తాయన్న మాట నమ్మి మొదట్లోనే డబ్బు పోసిన తల్లిదండ్రులకు మిగిలిందేమిటి? అదే గేమ్ కోసం మళ్లీ కొత్త పెట్టె కొనాలా వద్దా అన్న ప్రశ్న.

అందుకే ఎక్స్‌క్లూజివ్‌లు ఎన్ని అన్న లెక్క నాకిప్పుడు పెద్దగా అక్కర్లేదనిపిస్తోంది. మనవాడు ఆడాలనుకునేవి ఈరోజు ఆ పెట్టెలో ఉన్నాయా, వాటికోసమే అంత డబ్బు పెట్టొచ్చా? అది చూసుకుంటే చాలు. రాబోయేవాటిని చూసి కొంటే మాత్రం కంపెనీ వాయిదాలన్నీ మనమే మోయాలి.

మా వాడిని పిలిచి, కచ్చితంగా ఆడే మూడు గేమ్స్ కాగితం మీద రాసుకురమ్మన్నాను. రెండు నిమిషాల్లో తెచ్చాడు. మూడోదాని ఎదురుగా "త్వరలో" అని ఉంది. "అయితే అదొచ్చాక చూద్దాంరా నాన్నా" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడనుకోండి, కానీ కాగితం మాత్రం పారెయ్యకుండా ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.