కాలిన చర్మానికి కొల్లాజెన్ పొర

మదురై నుంచి అరుప్పుకోట్టై వెళ్ళే దారిలోని కారియాపట్టి మొదలుకొని సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి వరకు పరచుకున్న నల్లరేగడి నేలలో వానలు తక్కువ. సేద్యం చాలని కుటుంబాలకు, వారిలో తెలుగు మాట్లాడేవారికి కూడా, అగ్గిపెట్టెల, బాణసంచా కర్మాగారాలే ఆధారం. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో జరిగిన పేలుడులో దాదాపు 40 మంది మరణించారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గరి అచ్చంకుళంలో 20 మందికి పైగా బలయ్యారు. బతికి బయటపడిన వారికి ఆసుపత్రిలో మరొక బాధ ఉంటుంది. గాయానికి చుట్టిన గాజుగుడ్డను విప్పిన ప్రతిసారీ, అప్పుడప్పుడే పుడుతున్న లేత చర్మం దానితోపాటు ఊడివస్తుంది. ఆ గుడ్డ ఇదే జిల్లాలో, రాజపాళయం సమీపంలోని చత్రపట్టి మగ్గాలపై విరివిగా నేయబడుతున్నది. నేతలో లోపమేమీ లేదు. నూలు గాయపు స్రావాన్ని పీల్చి ఎండి అంటుకొనడం దాని స్వభావం. ఈ ఇబ్బందిని తగ్గించేందుకు వచ్చినదే కొల్లాజెన్ పొర.

కొల్లాజెన్ మన దేహంలో అత్యధికంగా ఉండే ప్రోటీను. మొత్తం ప్రోటీనులో సుమారు మూడోవంతు ఇదే. చర్మానికి, ఎముకకు, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయుబంధనానికి బలం దీనివల్లనే. మూడు గొలుసులు పురితాడువలె పెనవేసుకొని ఒక అణువుగా ఏర్పడతాయి. ఈ త్రికుండలి నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఆ విశ్వవిద్యాలయానికి సమీపాన అడయారులో 1948లో స్థాపితమైన కేంద్ర తోళ్ళ పరిశోధనాలయం ఉన్నది. గుంటూరు జిల్లాకు చెందిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 వరకు దానికి సంచాలకులుగా పనిచేశారు. తోలు కూడా ప్రధానంగా కొల్లాజెనే గనుక, చర్మకారుని విద్యకూ వైద్యుని అవసరానికీ అక్కడ ముడిపడింది. తోలు పరిశ్రమలో మిగిలిపోయే భాగాల నుంచి గాయపు పొరలను తయారుచేసే పద్ధతిని ఆ సంస్థ రూపొందించి పరిశ్రమకు అందించింది.

తయారీలో అసలు కష్టం ఒక్కటే: కొల్లాజెన్‌ను కొల్లాజెన్‌గానే నిలుపుకోవాలి. పశువుల కొల్లాజెన్ ద్రావణ రూపంలో సుమారు 40 డిగ్రీల వేడికే పురి విడిపోయి జెలటిన్ అవుతుంది. జెలటిన్ మిఠాయిలకు పనికివస్తుంది గాని, గాయంపై కొల్లాజెన్‌వలె నిలువదు. కాబట్టి పని అంతా చలిలో, సుమారు 4 డిగ్రీల వద్ద జరుగుతుంది. ముందుగా పశువు స్నాయుబంధనాన్నో చర్మాన్నో కడిగి, కొవ్వును తీసివేసి, సన్నగా తురుముతారు. తరువాత పలుచని ఎసిటిక్ ఆమ్లంలో నానబెడితే నారలు ఉబ్బి విడివడతాయి. ఇక్కడే పెప్సిన్ అనే ఎంజైమును కలుపుతారు. అది అణువు కొనలలోని తోకలవంటి భాగాలను కత్తిరిస్తుంది. పశువు ప్రోటీనును మన దేహం పరాయిదిగా గుర్తించే అవకాశం దీనివల్ల తగ్గుతుంది. పిమ్మట ఉప్పు కలిపితే కొల్లాజెన్ తెల్లగా విడివడి అడుగుకు చేరుతుంది. దానిని మళ్ళీ కరిగించి, ఉప్పునంతా తొలగించి, పళ్ళెంలో పోసి ఆరబెడితే పారదర్శకమైన పలుచని పొర వస్తుంది. గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడితే సన్నని రంధ్రాలున్న స్పాంజి లభిస్తుంది.

అలాగే వదిలితే గాయంలోని ఎంజైములు ఆ పొరను త్వరగా తినివేస్తాయి. అందుకే గ్లూటరాల్డిహైడు వంటి రసాయనాలతో నారల మధ్య అడ్డుబంధాలు వేస్తారు. బంధాలు తక్కువైతే పొర నిలువదు; ఎక్కువైతే గట్టిపడుతుంది, మిగిలిపోయిన రసాయనం కణాలకు విషమవుతుంది. ఈ పాళ్ళు కుదర్చడంలోనే తయారీదారుని నేర్పంతా ఉన్నది. చివరగా ఎథిలీన్ ఆక్సైడుతోనో గామా కిరణాలతోనో సూక్ష్మక్రిములను తొలగిస్తారు. ఆవిరి వేడి ఇక్కడ పనికిరాదు.

గాయంపై పరచగానే రక్తఫలకికలు కొల్లాజెన్‌కు అంటుకొని రక్తస్రావం ఆగుతుంది. చర్మాన్ని నిర్మించే కణాలు దాని మీదుగా పాకుతాయి. పొరను రోజూ మార్చవలసిన పనిలేదు. కింద చర్మం పెరిగేకొద్దీ అది కరుగుతుంది, లేదా దానంతట అదే రాలిపోతుంది. నొప్పి తగ్గడం రోగికి కలిగే మొదటి మేలు.

అయితే దీనిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. చర్మం పైభాగం, మధ్యభాగం వరకు కాలిన గాయాలకు, చర్మం తీసి అతికే చికిత్సలో తీసిన చోటికి ఇది బాగా సరిపోతుంది. చర్మం పూర్తి లోతుగా కాలితే మృతభాగాన్ని తొలగించి సొంత చర్మం అతకడమే మార్గం. చీముపట్టిన గాయాన్ని పొరతో మూసివేస్తే చీము కిందనే నిలిచి హాని పెరుగుతుంది. పశువు ప్రోటీనుకు ఎలర్జీ ఉన్నవారికి వాడరాదు. పశువుల వ్యాధుల భయం వల్లనూ, మతపరమైన అభ్యంతరాల వల్లనూ చేపల చర్మం, పొలుసుల వైపు పరిశోధకుల దృష్టి మళ్ళింది. చేప కొల్లాజెన్ మరింత తక్కువ వేడికే చెడుతుంది గనుక అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ. బ్రెజిల్‌లో తిలాపియా చేప చర్మాన్నే శుద్ధిచేసి కాలిన గాయాలపై పరచి పరీక్షించారు.

పొర అంటుకొనాలంటే గాయం శుభ్రంగా ఉండాలి. కాలినవెంటనే కొందరు పూసే సిరా, టూత్‌పేస్టు, దోసెపిండి ఆసుపత్రిలో గీకి కడగవలసిన మలినాలే అవుతాయి. ఆ గీకుడుతో గాయం మరింత లోతవుతుంది. వెంటనే చేయదగినది చల్లని నీటిధార కింద 20 నిమిషాలు ఉంచడం, ఉంగరాలు, గాజులు తీసివేయడం, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్చడం.