‘కఅబ్ కఅబ్’ను తెలుగులో ఏమనాలి?

4 మూరల భుజం గల ఘనపు పరిమాణాన్ని నేటి విద్యార్థి 4³ అని రాసి, 64 ఘనమూరలని చెబుతాడు. ఘాతాంకాన్ని ఇలా పైన చిన్న అంకెగా వేసే పద్ధతి డెకార్ట్ 1637లో ప్రచురించిన జ్యామితి గ్రంథంతో స్థిరపడింది. అంతకు ఆరు శతాబ్దాల ముందే అరబ్బీ గణితజ్ఞులు ఈ పనిని మాటలతో సాధించారు.

వారు తెలియని రాశిని ‘షయ్’ (వస్తువు) అనీ, దాని వర్గాన్ని ‘మాల్’ (సొత్తు) అనీ, ఘనాన్ని ‘కఅబ్’ అనీ పిలిచారు. కఅబా అనే పవిత్ర నామం కూడా ఈ ధాతువుకు చెందినదే. ఖలీఫా మామూన్ కాలంలో (813–833) అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణితం వర్గ సమీకరణాల వద్ద ఆగింది. పదకొండవ శతాబ్ది ఆరంభంలో అల్ కరజీ ‘అల్ ఫఖ్రీ’ అనే గ్రంథంలో ఆ హద్దు దాటాడు. నాలుగవ ఘాతం ‘మాల్ మాల్’, ఐదవది ‘మాల్ కఅబ్’, ఆరవది ‘కఅబ్ కఅబ్’. ఈ వరుసకు అంతం లేదు. పొడవు, వెడల్పు, ఎత్తులకు మించిన కొలత లేదు గనుక జ్యామితిలో ‘మాల్ మాల్’కు ఉనికి లేదని ఉమర్ ఖయ్యాం అన్నాడు. కాని సంఖ్యల లోకంలో ఆ అభ్యంతరం లేదు. పన్నెండవ శతాబ్దిలో అస్సమవ్‌అల్ ఘాతాలను క్రమసంఖ్యలతో పట్టికగా పేర్చి, వాటి గుణకారం ఆ సంఖ్యల కూడికేనని చూపాడు.

అనువాదకునికి చిక్కు ఇక్కడే ఉంది. షయ్ 2 అయితే మాల్ 4. భుజం మాల్ అయిన ఘనపు పరిమాణం మాల్‌ను మూడుసార్లు గుణించగా వచ్చేది, అంటే ‘కఅబ్ కఅబ్’. 2+2+2 ఆరు, 3+3 కూడా ఆరే. విలువ 2⁶, అంటే 64. దీనిని మాటకు మాటగా ‘ఘనఘనం’ అంటే ఘనానికి ఘనమని అర్థమై, 2⁹, అంటే 512 అవుతుంది. ఎందుకంటే అరబ్బీ పేర్లలో ఘాతాంకాలను కూడాలి. సంస్కృత సమాసాలలో గుణించాలి. ‘ఘనవర్గం’ ఆరవ ఘాతమైనది అందుకే. ఐదవదాన్ని చెప్పవలసినప్పుడు మన ప్రాచీనులు ‘ఘాత’ శబ్దం చేర్చి ‘వర్గఘనఘాతం’ అన్నారు.

కనుక ‘మాల్ కఅబ్’ను వర్గఘనఘాతమనీ, ‘కఅబ్ కఅబ్’ను ఘనఘనఘాతమనీ అనువదించడమే న్యాయం. లేకుంటే మన తర్జుమాలోని తప్పును పాఠకుడు అల్ కరజీకి అంటగడతాడు.